నాలుగో అంతస్తు చప్పుడు

“మీ ఇద్దర్లో ఎవరు కొడుతున్నారో ఇవాళ తేల్చి చెప్పు,” అంది రయీసా మక్సీమొవ్నా, సవేలీ తలుపు తీసీ తీయకముందే. డెబ్బయ్యేళ్ళ మనిషి, చేతిలో సూపు గరిటె. రష్యాలో, పెర్మ్ ఊళ్ళోని ఆ అయిదంతస్తుల ఇంట్లో ఆవిడది మూడో అంతస్తు. సవేలీది అన్నిటికన్నా కింది వాటా.

“నేను కొట్టడం లేదండీ.”

“అయితే నా పైవాటా ఊల్యానా కొడుతోందన్నమాట. పన్నెండు రోజులుగా సాయంత్రమయ్యేసరికి టక్ టక్ టక్. మీరూ మీరూ పోట్లాడుకోండి, ఎవరొద్దన్నారు? మధ్యలో నా గోడేం పాపం చేసింది?”

“ఆమె నాతో మాట్లాడి రెండు నెలలు దాటింది.”

“నోటితో మాట్లాడదు నాయనా, పైపుతో మాట్లాడుతోంది. పైపుల పనివాడివి, ఆ మాత్రం తెలీదూ?”

తెలుసనే అతను అనుకుంటున్నాడు. ఆ మనిషి దౌర్భాగ్యమంతా అక్కడే ఉంది.

ఆ ఊళ్ళో చలికాలమంతా ఊరుమ్మడి బాయిలర్ నుంచి వేడినీళ్ళు వస్తాయి. నేలమాళిగలో మొదలైన నిలువు పైపు అన్ని అంతస్తుల్నీ గుచ్చుకుంటూ పైకి పోయి, ఒక్కో గదిలో కిటికీ కింద ఉన్న ఇనుప రేడియేటర్‌ని వేడి చేస్తుంది. కింద చెంచాతో కొడితే పైదాకా మోగుతుంది. ఎవరింట్లోనైనా పాటలు మితిమీరినా, పిల్లలు గెంతినా మిగతావాళ్ళు రేడియేటర్ మీద గరిటెతో నాలుగు వాయిస్తారు. నోరు ముయ్యమని అర్థం. అక్కడ అదొక మర్యాద.

కిందటి చలికాలం సవేలీ, నాలుగో అంతస్తు ఊల్యానా ఈ మర్యాదను వేరే పనికి వాడుకున్నారు. మూడుసార్లు కొడితే టీ కాగిందని కబురు. ఎవరు కొడితే వాళ్ళింటికి రెండోవాళ్ళు పోవాలి. మధ్యలో ఉన్న రయీసా మక్సీమొవ్నా కోపంగా నాలుగో దెబ్బ వేసేది. ఆవిడ వేశాకే వాళ్ళకి టీ రుచిగా ఉండేది.

ఆగస్టులో అంతా మట్టిగొట్టుకుపోయింది.

ఊల్యానా ట్రామ్‌లో టికెట్లు కొట్టే కండక్టరు. టికెట్ లేనివాణ్ణి నడక చూసే పట్టేస్తుంది. అలాంటి మనిషి దగ్గర సవేలీ అబద్ధమాడాడు. పక్క ఊరు కుంగూర్ వెళ్ళి, రైల్వేలో చేసి రిటైరైన తన తండ్రిని కలిసి పెళ్ళిమాట ఎత్తమని ఆమె అతన్ని ఓ ఆదివారం కేకు కొనిచ్చి పంపింది. సాయంత్రం తిరిగొచ్చి, “మీ నాన్న ఊళ్ళో లేరు,” అన్నాడు. తరవాతి వారం ఆ నాన్నే పెర్మ్ వచ్చాడు. “ఆదివారమంతా వాకిట్లో కూర్చుని బంగాళాదుంపలు ఏరుకుంటూనే ఉన్నా. ఈగ కూడా వాల్లేదు,” అన్నాడు. సవేలీ ధైర్యం చాలక కుంగూర్ స్టేషన్లోనే బల్ల మీద కూర్చుని, కేకు సగం తిని, తరువాతి రైలెక్కి వచ్చేశాడు. అదీ అసలు సంగతి. అంతకుముందు చిల్లర అబద్ధాలు ఎన్నో ఉన్నాయి, వాటి చిట్టా ఆమెకు కంఠతా వచ్చు.

“టికెట్ లేకుండా ఎక్కేవాళ్ళే నీకన్నా నయం. పట్టుబడితే ఒప్పుకుంటారు,” అని ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అక్టోబరులో వేడినీళ్ళు వదిలారు. నీళ్ళొచ్చిన మొదటి వారం ప్రతి ఇల్లూ ఏదో ఒకటి వాగుతుంది. ఆ వాగుడు మాన్పించడమే సవేలీ ఉద్యోగం. రెండో అంతస్తులో రేడియేటర్ గుడగుడలాడితే, పక్కనున్న చిన్న కుళాయి తిప్పి కింద కప్పు పట్టాడు. బుస్సుమని గాలంతా పోయి నీళ్ళు ధారగా పడగానే కట్టేశాడు. అయిదో అంతస్తులో పైపు టిక్కుటిక్కుమంటోందంటే వెళ్ళి చూశాడు. నేలలో సిమెంటు పైపుని బిగించేసింది, వేడెక్కి సాగడానికి చోటు లేదు. చుట్టూ చెక్కి వదులు చేశాడు. చప్పుడు ఆగింది. అందరిళ్ళూ నోరు మూసుకున్నాయి.

తన గదిలో రేడియేటర్ కొట్టుకుంటుంటే మాత్రం పానా తీయలేదు.

చలి ముదిరే వేళకి మొదలయ్యేది. టక్, టక్, టక్. ఒక్కోరోజు నాలుగు, ఒక్కోరోజు రెండున్నర. కానీ మూడు కావాలనుకునేవాడికి అన్నీ మూడే. సవేలీ వేడి ఇనుము మీద అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు. పైన ఆమె చెంచా పట్టుకుని ఉందనుకునేవాడు. వెళ్దామని లేచేవాడు, రెండో అంతస్తు దాకా వెళ్ళేవాడు, ఏ ముఖం పెట్టుకుని తలుపు తట్టాలో తెలీక దిగొచ్చేసేవాడు. పన్నెండు రోజులూ అదే తంతు. బతుకు మీద విరక్తి పుట్టింది. ఆ చప్పుడు లేకపోతే ఇంకెంత పుట్టేదో.

“ఒక్కసారి కిందకెళ్ళి చూసిరా,” అంది రయీసా మక్సీమొవ్నా గరిటె ఊపుతూ. “పైపు తప్పు కాకపోతే, ఆ పిల్ల దగ్గరికి నేనే వెళ్తా.”

పైపు తప్పు కాదని రుజువు చేయడానికే సవేలీ టార్చి తీసుకుని నేలమాళిగలోకి దిగాడు.

తమ వాటాల నిలువు పైపు మొదట్లో, నీళ్ళు కట్టడానికి ఉన్న వాల్వు వణుకుతోంది. టక్, టక్, టక్. చెయ్యి వేస్తే ఆ అదురు వేలి ఎముకల్లోకి వచ్చింది. వాల్వు ఒంటి మీద, నీళ్ళు ఎటు పోవాలో చెప్పే బాణం పోత పోసి ఉంటుంది. నీళ్ళు పైకి పోతున్నాయి. బాణం కిందికి చూస్తోంది. తలకిందులుగా బిగించిన వాల్వు. వెనకనుంచి తోసే నీళ్ళకి లోపలి బిళ్ళ వదులై, అది మూసుకునే అంచు మీద కొట్టుకుంటోంది. సాయంత్రం బాయిలర్ వాళ్ళు వేగం పెంచగానే మరీ కొట్టుకుంటోంది.

పని నేర్చుకునేవాడు కూడా చేయని పొరపాటు. చేసింది ఎవరా అని వెతకనక్కర్లేదు. ఆగస్టులో కొత్త వాల్వు వేసింది తనే.

ఆమె పిలవలేదు. ఒక్కరోజు కూడా పిలవలేదు. పన్నెండు రోజులు తను ఒక ఇనుప బిళ్ళని చూసుకుని బతికాడు. సవేలీ టార్చి ఆర్పి మెట్లెక్కాడు. ఏడుపు కూడా రాలేదు.

పైకొచ్చేసరికి తన తలుపు ముందు ఊల్యానా నిలబడి ఉంది. ట్రామ్ కండక్టరు జాకెట్ ఇంకా విప్పలేదు.

“ఏం మనిషివి నువ్వు?” అంది. “పన్నెండు రోజులా? సిగ్గు లేదా?”

సవేలీ మెట్ల మీదే ఆగాడు.

“మొదటిరోజు విని మండిపోయింది నాకు. రయీసా మక్సీమొవ్నా గరిటె దెబ్బలు తింటూ కూడా రోజూ కొడుతున్నావే, ఈ మనిషికి పౌరుషం లేదా అనుకున్నా. ఆ తరవాత...” ఆమె జాకెట్ బొత్తాం మెలిపెట్టింది. “తరవాత సాయంత్రం డ్యూటీలు మార్చుకున్నా, వినడానికి. రోజూ అలా అడుగుతున్నాడంటే మారాడేమో అనిపించింది. అందుకే దిగొచ్చా. చాలా? ఇంకా బతిమాలించుకోవాలా?”

ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. అసలు నోరు విప్పకుండా తల వంచుకున్నా చాలు. చలికాలమంతా మళ్ళీ ఆమెతో టీ. వాల్వు సంగతి రేపు ఆమె డ్యూటీలో ఉండగా సరిచేసేయొచ్చు. ఎవరికీ తెలీదు. అబద్ధం నాలుక చివరకొచ్చి కూర్చుంది, అతనికి అలవాటైన చుట్టమే.

“నేను కాదు, ఊల్యా,” అన్నాడు.

“ఏంటి?”

“కొట్టింది నేను కాదు. వాల్వు. కింద తలకిందులుగా ఉంది. నేనే అలా బిగించా. నువ్వు కొడుతున్నావనుకున్నా ఇన్నాళ్ళూ. ఇప్పుడే చూశా.”

ఆమె ముఖంలో రంగు పోయింది. అంత దూరం దిగివచ్చిన మనిషి, పిలవని ఇంటికి వచ్చినట్టయింది.

“అంటే పన్నెండు రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా...”

“లేదు.”

ఊల్యానా వెనుదిరిగి మెట్లెక్కింది. సవేలీ ఆపలేదు. ఆపే హక్కు తనకెక్కడుందని? మొదటి మలుపు దగ్గర ఆమె బూట్ల చప్పుడు ఆగింది. మళ్ళీ కిందికి వచ్చింది.

“చూపించు,” అంది.

“ఏంటి?”

“నీ మాట మీద నాకు నమ్మకం లేదు. ఆ వాల్వు చూపించు.”

నేలమాళిగలో ఆమె టార్చి లాక్కుని, వంగి, బాణం మీద వేలు పెట్టి తడిమింది. మరో వేలు పైపుకి ఆనించి చూసింది. అటూ ఇటూ చూసింది. టికెట్ మీద తారీకు చూసే కళ్ళు అవి.

“ఎప్పుడు పెట్టావు?”

“ఆగస్టులో. నువ్వు వెళ్ళిపోయిన మర్నాడు.”

“కళ్ళేమయ్యాయి?”

“నిండి ఉన్నాయి. బాణం కనపళ్ళేదు.”

ఆమె టార్చి దించింది. మూలనున్న బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది. వాల్వు కొట్టుకుంటూనే ఉంది.

“నువ్వు చెప్పిందీ నేను చూసిందీ ఒకటే కావడం ఇదే మొదటిసారి,” అంది చివరికి. ఆ మాటలో సంతోషం లేదు, అలసట ఉంది. “అదీ, మనల్ని ఎవరూ పిలవలేదని తెలుసుకోవడానికి.”

“ఊల్యా, కొడదామని ఉండేది. రోజూ. చెంచా చేతిలోనే ఉండేది.”

“మరి?”

సవేలీ వాల్వు వైపు తిరిగి చెప్పాడు. “భయమేసింది. నువ్వు పలక్కపోతే? ఆ మాత్రం ఆశ కూడా పోతుందని.”

పైన ఎక్కడో గరిటె మోగింది.

“ఇది బాగుచెయ్యడానికి ఎంతసేపు?” అంది ఊల్యానా.

“నీళ్ళు కట్టి, పైపు ఖాళీ చేసి, విప్పి, తిరగేసి బిగించాలి. రెండు గంటలు. అందరిళ్ళూ చల్లబడతాయి. రయీసా మక్సీమొవ్నా చంపేస్తుంది.”

“చంపనీ. కానియ్యి.”

అతను వాల్వుకి ముందున్న కుళాయి కట్టేశాడు. చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. పానా రెండుసార్లు మర మీంచి జారడం ఊల్యానా చూసింది. లేచి వచ్చి టార్చి వెలుగు సరిగ్గా మరమీద పడేలా పట్టుకుంది.

“ఇప్పుడు కూడా భయమేస్తోందా?”

“ఆఁ.”

“ఇంకా ఎన్ని ఉన్నాయి అలాంటివి, నాకు తెలీనివి?”

“చాలా ఉన్నాయి.”

“అయితే ఒక్కొక్కటే చెప్పు. రెండు గంటలు పడుతుందన్నావుగా.”