చెదిరిన జతలు

నార్సింగిలో డిటెక్టివ్ పుణ్యవతి ఆఫీసుకు వచ్చిన కిరణ్మయి కుర్చీ అంచున కూర్చుంది. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు. గచ్చిబౌలిలోని ఒక సంస్థలో ఆమె డేటా అనలిస్టు. ఆ సంస్థ నడిపే పిల్లల మాసపత్రికకు నిరుటితో పోలిస్తే ఈ ఏడాది ప్రకటనలు నిజంగా తగ్గాయో లేదో తేల్చమన్నారు. ఏ నెలకు ఆ నెలను జతకట్టి పోల్చింది. తగ్గాయని తేలింది, ఆ మాటే యజమాని రంగనాథ్‌కు చెప్పింది. తీరా మీటింగులో తెరిస్తే, ఆ తేడా కాకతాళీయం కావచ్చని ఉంది ఫైల్లో. నోటితో ఒకటి, ఫైల్లో ఒకటి ఏమిటని ఆయన రాజీనామా అడిగాడు. ఆ పూటే ఆమె ఫైలు తెరవకుండా చేశారు.

"నేను మార్చలేదండీ," అంది.

అసిస్టెంట్ తిరుపతి మంచినీళ్ళ గ్లాసు ఆమె దగ్గరికి జరిపాడు. మర్నాడు పుణ్యవతితో పాటు తనూ గచ్చిబౌలి వెళ్ళాడు. ఆ ఫైలు మార్చగలిగినవాళ్ళు కిరణ్మయి కాక ఇద్దరే. ప్రకటనల మేనేజర్ దినేష్, తన ఇంక్రిమెంటు ఏడాదిలో వచ్చిన మొత్తం ప్రకటనల పేజీల మీదే ఆధారపడుతుందని దాచకుండా చెప్పాడు. జతల లెక్క మాత్రం తన తలకెక్కలేదన్నాడు. రెండో మనిషి రంగనాథ్ కూతురు నీహారిక. ఆ పత్రిక మొదలుపెట్టింది చనిపోయిన తన తల్లేనని చెప్పింది. జతలు ఎందుకు కట్టాలో కిరణ్మయే క్యాంటీన్లో ఓపిగ్గా నేర్పిందని కూడా అంది.

పుణ్యవతి పాత సంచికలు తెప్పించింది. నిరుటి దీపావళి సంచిక నిండా ప్రకటనలే. ఫైల్లో చూస్తే ఆ నెలకే అన్నిటికంటే తక్కువ. తిరుపతి ఏడాది మొత్తం కూడి చూశాడు. అది సంచికలతో సరిపోయింది.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టింది పుణ్యవతి.

"అంకెలన్నీ నిజమైనవేనండి. నిరుటివి మాత్రం ఒక నెలవి ఇంకో నెలలోకి వెళ్ళాయి. దీపావళి నెల పక్కన దీపావళి నెలే ఉంటే, ప్రతి జతలోనూ తగ్గుదల తేటగా కనిపిస్తుంది. జతలు చెదిరాయా, తేడా ఒకచోట పైకి, ఒకచోట కిందికి పోతుంది. అసలు తగ్గుదల ఆ గందరగోళంలో కలిసిపోయి, ఫైల్లో ఫలితం దానంతటదే మారిపోతుంది. దినేష్ గారే అయితే ఈ ఏడాది మొత్తం పెంచేవారు. మొత్తాన్ని ముట్టుకోకుండా జతల్నే చెదరగొట్టాలంటే, వాటి విలువ తెలిసుండాలి. అది నేర్పిన కిరణ్మయి గారు తన మీదికి తనే తెచ్చుకోరు. ఇక మిగిలింది నేర్చుకున్నవారే."

నీహారిక తనంతట తనే లేచింది.

"నేనే నాన్నా. తగ్గినయని తేలితే పత్రిక ఆపేస్తవు. అమ్మ చేసిన వాటిల్ల ఇగ మిగిలింది గదొక్కటే." కిరణ్మయి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "నేర్పినందుకు నీ కొలువుకే ఎసరు పెట్టిన అక్కా."

కిరణ్మయి కళ్ళు తుడుచుకుంది గానీ ఆ చెయ్యి వదల్లేదు.

రంగనాథ్ కిరణ్మయిని క్షమించమని అడిగాడు. ఉద్యోగం ఎక్కడికీ పోదన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"లెక్క మారదు బిడ్డా, ఆపక తప్పదు. నాకు గూడ చేతులాడుతలేవు. ఆఖరి సంచిక మనిద్దరం కూసొని చేద్దాం."

నీహారిక కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది. తిరుపతి కదలకుండా వాళ్ళనే చూస్తుంటే, పుణ్యవతి అతని భుజం తట్టి తలుపు వైపు నడిచింది.