నాలుగువందల ఎనభై

"మీరు రాసిన పేజీ నా గడి ఒకటి మింగేసింది," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

మెట్ల కింద గదిలో ఉన్న అతను తలెత్తలేదు. కుట్టుమిషన్ల స్పేర్ పార్టులు అమ్మే ఆ గోడౌన్‌లో వెబ్‌సైటూ సర్వరూ చూసుకునేది అతనొక్కడే. పదో తరగతి గట్టెక్కక, రిపేరు షాపులో స్క్రూలు విప్పుతూ పని నేర్చుకున్నవాడు. మేనేజరు నలుగురిలోనూ "టెన్త్ ఇంజనీరు" అని పిలుస్తాడు. నవ్వే నలుగురికీ డిగ్రీలున్నాయి. సర్వరు ఆగితే మాత్రం ఆ డిగ్రీలన్నీ మెట్ల కిందికే పరిగెత్తుకొస్తాయి.

"ఏ గడి?"

"షాఫ్టు సైజు. పదకొండింటికి ఉంటుంది, తర్వాత ఉండదు, నాలుగింటికి మళ్ళీ వస్తుంది. నాతో దాగుడుమూతలాడుతోంది."

"ఫోన్లో చూస్తే అంతే మేడం. ఫోనుకి చిన్న పేజీ వెళ్తుంది."

"నా ఫోను పొద్దుటి నుంచీ వాచ్‌మన్ డబ్బాలో ఉంది. అందరివీ అక్కడే కదా పెట్టిస్తారు?"

"సర్వరు అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెప్తున్నానన్నమాట."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చూపు అతని మీద నిలవలేదు. భుజం పక్కనుంచి గోడ మీదికి జారిపోయింది. కౌంటరులో చేరి ఆర్నెల్లయింది, ఎప్పుడూ ఇంతే. పొగరు అనుకున్నాడు అతను. అలా అనుకోవడం అతనికి తేలిక.

సర్వరు గుడ్డిది. అవతలి తెర ఎంతుందో బ్రౌజరు చెబితే తప్ప దానికి తెలియదు. అందుకే రెండు వారాల క్రితం అతనొక చిన్న స్క్రిప్టు రాశాడు. అది బ్రౌజరు కిటికీ వెడల్పు కొలిచి, ఆ అంకెను కుకీ అనే చిన్న చీటీలో పెట్టి, ప్రతి క్లిక్కుతోనూ సర్వరుకి పంపుతుంది. ఏడువందలకు తక్కువైతే ఫోనని లెక్క. కంపెనీ ఫోన్లు పట్టుకుని ర్యాకుల మధ్య తిరిగేవాళ్ళ కోసం గడులు తగ్గించిన పేజీ వెళ్తుంది. ఎక్కువైతే పూర్తి పట్టిక. చిన్న పేజీలోంచి షాఫ్టు సైజు తీసేసింది అతనే.

ఆ వారం మూడు పెట్టెలు తప్పు సైజుతో వెళ్ళి తిరిగొచ్చాయి. మూడూ ఆమె కౌంటరువే. ఎవరు ఎప్పుడు ఎంత వెడల్పుతో పేజీ తెరిచారో సర్వరు రాసుకునే లాగ్‌ను శుక్రవారం మేనేజరు తెప్పించుకున్నాడు. ఆమె లాగిన్ పక్కన వెడల్పు 480.

"దొంగతనంగా ఇంకో ఫోను తెచ్చి బల్ల కింద పెట్టుకుందయ్యా. రేపు లెటరిచ్చి పంపేస్తాను," అన్నాడు.

అతను మెట్ల కింద గదికొచ్చి ఆ లాగ్ మొదటి నుంచీ చదివాడు. అన్నీ 480లే. పదకొండింటికీ నాలుగింటికీ మాత్రం 1920. సరిగ్గా మేనేజరు కౌంటర్ల మధ్య తిరిగే వేళలు. 1920ని నాలుగుతో భాగిస్తే 480. అక్షరాలు నాలుగింతలు చేసుకుంటే కిటికీ తన వెడల్పు నాలుగో వంతని చెప్పుకుంటుంది.

అతను లాగ్ మూసేశాడు. ఒక మనిషి దాచుకున్నదాన్ని అడక్కుండా చదివేశాడు.

సాయంత్రం బస్టాపు రేకు కింద ఆమె ఒక్కతే ఉంది. వాన సన్నగా, పని లేనట్టు కురుస్తోంది.

"మీరు తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుంటారు కదండీ," అన్నాడు.

ఆమె అతనివైపు తిరిగింది. "ఎవరు చెప్పారు?"

"మీ అంకెలు. ఇవాళే చూశాను. నేను కిటికీ వెడల్పే అడిగాను. తెర వెడల్పు కూడా అడిగుంటే ఇంత జరిగేది కాదు. తప్పు నాది."

"చూపు తగ్గుతోందని పాత ఆఫీసులో చెప్పాను. టీ ఇచ్చి, జాలిపడి, ఇంటికి పంపారు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళకీ చెప్పాను. వాళ్ళు టీ కూడా తాగలేదు." ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "మేనేజరుకి చెప్పొద్దు. మీకు దణ్ణం పెడతాను."

"ఒకటి అడగనా? నేను హాల్లోంచి నవ్వితే మొహం తిప్పుకునేవారెందుకు?"

"మీరు నవ్వారా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎప్పుడు?"

ఆర్నెల్ల కోపం ఆ వానలో ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

శనివారం మేనేజరు బల్ల మీద కవరుంది. ఆమె ఎదురుగా నిలబడి ఉంది. అతను పిలవకుండానే లోపలికి వచ్చాడు.

"సార్, ఈవిడ ఫోను వాడలేదు. ఆ అంకె తప్పు. నా కోడే గడి తీసేసింది."

"480 ఎందుకొచ్చింది మరి?"

"తెలీదు సార్."

"నువ్వు రాసిందే కదా. నీకే తెలీదా?"

ఈ లోకంలో అతనికున్నదల్లా తన పని తనకు తెలుసుననే మాట ఒక్కటే. దానికి సర్టిఫికెట్టు కూడా లేదు.

"తెలీదు," అన్నాడు మళ్ళీ.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "పదో తరగతి వాడికి సర్వరు అప్పజెప్పాను చూడు, నాది బుద్ధితక్కువ. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

"ఆయనకి తెలుసు సార్," అంది ఆమె.

అతను వద్దన్నట్టు తల ఊపాడు. ఆమెకు కనిపించిందో లేదో. ఆమె మేనేజరు బల్ల మీది మానిటరును తనవైపు తిప్పుకుని రెండు మీటలు నొక్కింది. అక్షరాలు ఉబ్బాయి, ఇంకా ఉబ్బాయి, బొటనవేలంత అయ్యాయి.

"నాకిలా ఉంటేనే కనిపిస్తుంది. మీరొచ్చినప్పుడు చిన్నవి చేసేసి, చూస్తున్నట్టు నటించేదాన్ని. చెప్పొద్దని నేనే ఆయన్ని బతిమాలాను."

మేనేజరు ఆ అక్షరాలను, తర్వాత ఆమెను చూశాడు.

"ఈ మూడూ కాక, ఆర్నెల్లలో నువ్వు పంపినవాటిలో తప్పులెన్ని?" అన్నాడు.

"ఒక్కటీ లేదు సార్."

మేనేజరు కవరు తీసి సొరుగులో పెట్టాడు. చింపలేదు. అలాంటివాళ్ళు చింపరు. "సోమవారానికి ఆ గడి అన్ని పేజీల్లోనూ కనిపించాలి," అన్నాడు టెన్త్ ఇంజనీరు వైపు చూడకుండా.

నడవలోకి వచ్చాక ఆమె ఆగింది.

"అంత సులువుగా తెలీదని ఎలా అనేశావు?"

ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "సులువుగా అనలేదు," అన్నాడు.

"డాక్టరు ఇంకో ఐదారేళ్ళన్నాడు. ఆ తర్వాత ఎంత పెద్దవి చేసినా కనిపించవట." ఆమె దగ్గరికి వచ్చింది, అతని మొహం పూర్తిగా కనిపించేంత దగ్గరికి. "రేపు మా నాన్న ఇంట్లోనే ఉంటారు. ఇదంతా తెలిసే, టీ తాగడానికి వస్తావా?"

"తెలిసే," అన్నాడు.