రార్ ఫైలుకు జిప్ పేరు

"మేడం, మీ స్క్రిప్టు పొద్దుగాల్నుంచి సప్పుడు చేస్తలేదు!"

గొడుగు ముడవకముందే కేశవ్ ఎదురొచ్చి అన్న ఈ మాటకు హరిప్రియకు ఒళ్లు మండింది.

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే దుకాణం అది. కస్టమర్లు ఈమెయిల్‌లో పంపే జిప్ ఫైళ్లను, అంటే బొమ్మలన్నీ కుక్కి కట్టిన మూటలను, విప్పి ప్రింటింగుకు పంపే స్క్రిప్టు, అదే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాము, ఆమె రాసిందే. శ్రావణం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి.

"సాయంత్రంలోపు కార్డులు మెషీనెక్కకపోతే కంప్యూటర్ బంద్. గా పిల్లను ఇగ రావద్దను," అని యజమాని బాలనర్సింహ, కేశవ్‌కు చిన్నాయన, పొద్దున్నే అతనికి ఖరాఖండిగా చెప్పేశాడు. కార్డుల సంగతేమో గానీ, 'రావద్దను' అన్న మాటకు కేశవ్ గుండె జారిపోయింది.

హరిప్రియ తెర మీద ఎర్రర్ చదివింది. "ఇది రార్ ఫైలు, వేరే రకం మూట. నా స్క్రిప్టుకు విప్పడం రాదు, అందుకే ఇక్కడే ఆగిపోయింది. పేరు చివర జిప్ అని ఎవరు పెట్టారు?"

"నేనే మార్చిన. జిప్ అయితేనే తీస్కుంటదని మీరే చెప్పిండ్రు గదా!"

"పేరు మారిస్తే లోపలిది మారిపోతుందా అండీ?"

"అది పంపిన బహదూర్‌పురా పెండ్లోళ్లు జల్ది కావాలని ఒక్కటే లొల్లి. ఏం జెయ్యాలె మరి?"

ఆమె ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు కోసం రోజూ ఒక తప్పు చేసినా ఫర్వాలేదనిపించింది అతనికి.

బయట జల్లు పడుతోంది. లోపల ఆమె వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతున్నాయి.

"ఇకమీద నా స్క్రిప్టు ఫైలు పేరును నమ్మదు. ఫైలు లోపల మొదటి అక్షరాలు చూసి రకం తెలుసుకుంటుంది. తెలియని రకమైతే పక్కన పెట్టి, ఫలానాది విప్పలేనని చెప్పి, మిగతావి కానిస్తుంది."

"రార్‌ను గూడ విప్పేటట్టు రాయొచ్చు గదా?"

"ఇవాళ రార్, రేపు ఇంకోటి. రానిది రాదని చెప్పడానికి సిగ్గెందుకు? ఆ ఒక్కటీ జిప్ చేసి పంపమని వాళ్లకు ఫోన్ చేయండి."

రానిదాన్ని వచ్చినట్టు దబాయించేవాళ్లే తెలివైనవాళ్లనుకునేవాడు కేశవ్. ఇంత తేలిగ్గా 'రాదు' అనగలిగిన మనిషిని అతను మొదటిసారి చూస్తున్నాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఫోన్ అక్కడుందండీ, నా మొహం మీద కాదు," అందామె తలెత్తకుండానే.

పెళ్లివారు జిప్ పంపారు. సాయంత్రానికి కార్డులన్నీ మెషీనెక్కాయి. "శభాష్ బిడ్డా! ఇగ నాకు ఫికర్ లేదు," అన్నాడు బాలనర్సింహ.

"ఇక నేను రానక్కర్లేదండీ. ఏది ఆగినా స్క్రిప్టే చెబుతుంది," అంటూ హరిప్రియ బయల్దేరింది.

అంత బాగా ఎందుకు రాసిందా అని కేశవ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తడుస్తూనే గల్లీలోకి పరుగెత్తాడు.

"హరిప్రియ గారూ! స్క్రిప్టుకు మీరు అక్కర్లేదు. నాకు కావాలె. మీరంటే నాకు మస్తు ఇష్టం. పెండ్లి చేస్కుంటరా?"

గాజుల బండి దగ్గర ఆమె ఆగిపోయింది. బుగ్గలు ఎరుపెక్కాయి. గొడుగు కాస్త అతని వైపు జరిపింది.

"ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. మీ చిన్నాయనను తీసుకుని రండి."