నాలుగు ముద్దల విందు

నాలుగంటే నాలుగు ముద్దలు తిన్నాడు దుర్గేష్. ఐదో ముద్ద కలిపి, అటూ ఇటూ తిప్పి, చెయ్యి తీసేశాడు.

"ఏంది బాబూ, ఆపినవ్?" అన్నాడు వినీల తండ్రి ప్రేమయ్య.

"చాలండీ. కడుపు నిండిపోయింది."

పాల్మాకులలో ప్రేమయ్య పెంచే నాటుకోళ్ళకు పెద్ద పేరు. పెళ్ళి మాట మాట్లాడడానికి కుర్రాడు వస్తున్నాడని, చర్చి నుంచి రాగానే బలమైన పుంజును కోయించాడు. వినీల తల్లి జయశీల బగారా అన్నం వండింది. ఇంత హడావిడి చేస్తే ఈ మహానుభావుడికి అప్పుడే కడుపు నిండిపోయిందట!

వినీలకు ఒళ్ళు మండింది. ఎయిర్‌పోర్ట్ కార్గో ఆఫీసులో ఆమె చేరిన మొదటి రోజే ఆమె లంచ్ బాక్స్ అడక్కుండా ఖాళీ చేసినవాడు ఇతను. పోట్లాడితే, "సారీ మేడమ్, మీ వంకాయ కూర నన్ను పేరు పెట్టి పిలిచింది" అని నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె పడిపోయింది. అలాంటివాడు ఈమధ్య ఆమె బాక్స్ మూత తీస్తే చాలు, "ఎసిడిటీ" అంటూ తప్పించుకుంటున్నాడు.

"జర ఇంకో ముక్క ఏస్కో బిడ్డా," అంటూ జయశీల గరిటె ఎత్తింది.

దుర్గేష్ కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు ఆంటీ, ప్లీజ్."

ఆ చెయ్యి చూసి ప్రేమయ్య మొహం మాడిపోయింది.

"ఇగ ఆపు జయా. మన ఇంట్ల తినబుద్ధి అయితలేదు ఆయనకు. గుంటూరు పెద్దింటోళ్ళు."

"అయ్యో, అది కాదు అంకుల్..."

"నాకు సమజైంది బాబూ. మాకూ ఇజ్జత్ ఉన్నది. మా ఇంట్ల తిననోనికి మా బిడ్డనెట్ల ఇస్త?"

వినీల లేచి నిలబడింది.

"నిజం చెప్పు దుర్గేష్. మా ఇంట్ల తినుడు నీకు నామోషీనా? గట్లైతే గేటు నేనే తీస్త."

దుర్గేష్ చెవులు ఎర్రబడ్డాయి. కంచం మీంచి తలెత్తాడు.

"నేను ఇంజెక్షన్ వేసుకుంటున్నాను అంకుల్. వారానికొకటి. బరువు తగ్గడానికి."

అందరూ నోళ్ళు తెరిచారు.

"మనం తినగానే పేగుల్లోంచి ఒక హార్మోన్ బయల్దేరి, మెదడుకు 'ఇక చాలు' అని చెబుతుంది. కాసేపటికి మాయమైపోతుంది. ఈ మందు దాని వేషం వేసుకుని వారమంతా 'చాలు చాలు' అంటూనే ఉంటుంది."

"ఊరికే నోరు కట్టేసుకుంటే తగ్గవా?" అంది వినీల.

"అదీ చేశాను. తగ్గినప్పుడల్లా పొట్టలో ఆకలి పుట్టించే హార్మోన్ పెరిగిపోయేది. అన్నం తప్ప ఇంకో ధ్యాసే ఉండేది కాదు. పోయిన బరువంతా మళ్ళీ వచ్చేసేది. అందరూ తిండిపోతు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అది నా బుద్ధిలో లోపం కాదని డాక్టర్ చెప్పాకే తెలిసింది." అతను వినీల వైపు తిరిగాడు. "సూదితో తగ్గుతున్నానంటే నువ్వు నవ్వుతావని దాచాను వినీలా. కానీ ఆంటీ, తిన్నంతవరకూ ప్రాణం లేచొచ్చింది."

వినీలకు నవ్వు రాలేదు. ఆఫీసులో తన లావు మీద ఎవరైనా జోకేస్తే, అందరికంటే ముందు తనే నవ్వేసేవాడు ఇతను. అలాంటివాడు పెద్దల ముందు తలెత్తి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇతను నావాడు అని ఊరంతా వినేలా అరవాలనిపించింది ఆమెకు. ఎంత గర్వమో!

"బాపూ, చేసుకుంటే ఈయన్నే చేసుకుంట," అంది.

ప్రేమయ్య చెయ్యి చాపి దుర్గేష్ కంచాన్ని తన ముందుకు లాక్కున్నాడు. అందులో మిగిలిన అన్నం కలిపి, నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో, ఎంగిలి!" అంది జయశీల.

"ఇంటి పిల్లగాని కంచంల ఎంగిలేందే?" అన్నాడు ప్రేమయ్య, ఇంకో ముద్ద కలుపుతూ.