పులి మీద కవిత

"ముందు వరుస మొత్తం మాదే! ఎవరూ కూర్చోకండి!"

పులి అరుపుకి హాలు దద్దరిల్లింది. కుర్చీలు సర్దుతున్న ప్యూన్ "నెమ్మదిరా నాయనా, పైకప్పు ఊడిపడుతుంది" అన్నాడు. పులి వింటేగా! ఫుట్‌బాల్ టీమ్ మొత్తాన్నీ వెంటేసుకొచ్చి, ఒక్కొక్కడినీ భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

పులి ఆరో తరగతి. జూనియర్ టీమ్‌కి గోల్‌కీపర్. బంతి మీదకి దూకే తీరు చూసి పీటీ సార్ పెట్టిన పేరది. ఇప్పుడు ఇంట్లో అమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

"మా అక్క కవిత రాసింది ఎవరి మీదో తెలుసా? నా మీదే! పేరు కూడా 'మా పులి' రా!" అని వాడు టముకు వేస్తున్నాడు.

స్టేజీ తెర చాటు నుంచి వాళ్ళక్క ఇదంతా చూస్తోంది. ఆమెది తొమ్మిదో తరగతి. గొంతు పెగిలీ పెగలనట్టు మాట్లాడుతుందని అందరూ గువ్వ అంటారు. ఇవాళ ఆ కాస్త గొంతు కూడా రావడం లేదు.

భయం మరి! మామూలు భయం కాదు.

జాతీయ బాలకవి గౌరవానికి దేశం మొత్తం మీద హైస్కూలు పిల్లల్లో ఐదుగురినే ఎంపిక చేస్తారు. ఆ ఐదుగురిలో గువ్వ ఉంది. ఆ పోటీకి ఒక పద్ధతుంది. కవితని ముందుగా న్యాయనిర్ణేతలకి తప్ప ఎవరికీ చూపించకూడదు. రాసినవాళ్ళే తమ స్కూల్లో, అందరి ముందూ, మొదటిసారి చదవాలి. పంపింది పంపినట్టే చదవాలి. ఒక్క మాట మారినా, అసలు చదవకపోయినా, గౌరవం ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

అందుకే ఆ కవితలో ఏముందో పులికి తెలియదు. బంతి పట్టుకోవడం గురించే అనుకుంటున్నాడు. "నీ మీదే రాశాలే" అని గువ్వ ఒకసారి నోరు జారింది. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకుంది. ఇప్పుడు వాడి టముకు వింటుంటే ఎందుకో బెరుగ్గా ఉంది.

"గువ్వా, లోపలికి రామ్మా. ఒక్కసారి మెల్లగా చదువుకో. గొంతు సర్దుకుంటుంది" అని క్లాస్ టీచర్ పిలిచింది.

స్టేజీ వెనక చిన్న గదిలో న్యాయనిర్ణేతగా వచ్చిన మేడమ్ కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. గువ్వ కాగితం తీసి మెల్లగా చదివింది.

*అందరికీ వాడు పులి.*
*లిఫ్టు తలుపు మూసుకుంటే*
*అమ్మ కోసం వెతుక్కునే పసివాడు.*
*ఒకసారి కరెంటు పోయింది, లోపల ఒక్కడే.*
*అప్పట్నుంచీ తొమ్మిదో అంతస్తుకి*
*మెట్ల మీదే వస్తాడు.*
*అడిగితే వ్యాయామం అంటాడు.*
*ఆయాసం నిజం. వ్యాయామం అబద్ధం.*
*నాకొక్కదానికే చెప్పాడు.*

"ఆ చివరి మాట ఉంది చూడు, దానికోసమే నీ కవితని ఎవరం పక్కన పెట్టలేకపోయాం" అంది మేడమ్.

గువ్వ ఆ మాట వైపే చూస్తూ ఉండిపోయింది. నాకొక్కదానికే చెప్పాడు. రాసేటప్పుడు ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయింది. పైకి చదివితే గానీ తెలియలేదు. ఒక్కదానికి చెప్పిన మాట ఇప్పుడు హాలు నిండా ఉన్న జనానికి వినపడబోతోంది. వాడే ఏరికోరి ముందు వరుసలో కూర్చోబెట్టిన టీమ్‌కి కూడా.

"టీచర్, మా తమ్ముణ్ణి ఒక్క నిమిషం పిలవండి. ప్లీజ్" అంది.

పులి ఎగురుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, టెన్షనా? నీళ్ళు తేనా?"

గువ్వ పోటీ పద్ధతి కూడా పట్టించుకోకుండా వాణ్ణి తలుపు పక్కకి తీసుకెళ్ళి కాగితం చేతిలో పెట్టింది. వాడు నవ్వుతూనే మొదలుపెట్టాడు. రెండో లైను దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఇంకోసారి చదివితే వేరేలా ఉంటుందేమో అన్నట్టు చూశాడు పాపం.

"ఇది... ఇక్కడ చదువుతావా?"

గువ్వ తల దించుకుంది.

"అందరూ వచ్చారక్కా. నేనే రమ్మన్నాను. రానన్న వాళ్ళని కూడా లాక్కొచ్చాను."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎంత పెద్ద కిక్ వచ్చినా వెనక్కి తగ్గని వాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. హాల్లో వాళ్ళమ్మ కూడా ఉంది. మందుల షాపులో ఓనర్ని బతిమాలుకుని, సగం పూట సెలవు పెట్టి వచ్చింది. పులి తెర సందులోంచి అమ్మ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు.

"సర్లే. చదివెయ్" అన్నాడు. "పెద్ద ప్రైజు కదా. నాకేం కాదు."

అన్నాడే గానీ, గడ్డం వణుకుతోంది. ఆ వణుకు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మైకులో హెడ్‌మాస్టర్ గొంతు వినిపించింది. "మన స్కూలుకే గర్వకారణమైన మన బాలకవి..."

చప్పట్లు మొదలయ్యాయి. పులి కాగితం అక్క చేతికిచ్చేసి వెళ్ళిపోయాడు. ముందు వరుసలో తన కుర్చీలో కూర్చుని తల దించుకున్నాడు.

గువ్వ స్టేజీ ఎక్కింది. లైట్లు కళ్ళల్లో పడుతున్నాయి. అమ్మ లేచి నిలబడి మరీ చప్పట్లు కొడుతోంది. చదివేస్తే చాలు, పేపర్లో ఫొటో వస్తుంది. అమ్మ దాన్ని షాపులో అందరికీ చూపిస్తుంది. తమ్ముడు సరేనన్నాడు కూడా. ఇంకేం కావాలి?

గువ్వ తమ్ముడి వైపు చూసింది. వాడు రెండు చేతులతో కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. చిన్న పెట్టెలో ఇరుక్కున్నవాడిలా ఊపిరి బిగబట్టాడు.

ఆమె కాగితాన్ని మడిచింది.

"నేను... ఇవాళ ఈ కవిత చదవను."

చప్పట్లు ఆగిపోయాయి. మైకు కీచుమంది.

"ఏమ్మా, ఏమైంది?" అని హెడ్‌మాస్టర్ దగ్గరికొచ్చాడు.

"క్షమించండి సార్. ఇది చదవకూడదు. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు."

తెర పక్కనే నిలబడ్డ మేడమ్ మెల్లగా అడిగింది. "చదవకపోతే ఏమవుతుందో తెలుసుగా తల్లీ?"

"తెలుసు మేడమ్."

మేడమ్ ముందు వరుస వైపు చూసింది. తల దించుకుని కూర్చున్న కుర్రాడు కనిపించాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. గువ్వ చేతిలోని మడిచిన కాగితాన్ని మడత విడిపోకుండా తను కూడా ఒకసారి నొక్కి, స్టేజీ దిగడానికి దారి ఇచ్చింది.

దిగుతుంటే గువ్వకి ఏడుపు వచ్చింది. ఎందుకు రాదు? అంత మంచి కవిత ఆమె ఇంతవరకూ రాయలేదు. దేశంలో ఐదుగురిలో ఒకరు అనే మాట ఇక ఆమెది కాదు. అమ్మ చప్పట్లు కొట్టిన చేతులు అలాగే పట్టుకుని, అయోమయంగా చూస్తోంది. అమ్మకి ఏం చెప్పాలి? కొంత చెప్పాలి, కొంత దాచాలి. ఎంతవరకు చెప్పాలో తమ్ముణ్ణి అడిగే చెప్పాలి.

హాలంతా గుసగుసలు. ఫుట్‌బాల్ టీమ్ పులి చుట్టూ ఈగల్లా మూగింది.

"ఏరా, నీ మీద రాసిందన్నావు?"

"కోతలు కోశావా?"

"అందులో ఏం రాసిందిరా? చెప్పరా!"

పులి నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. మొహం పాలిపోయింది.

గువ్వ గబగబా కళ్ళు తుడుచుకుని వాళ్ళ మధ్యలోకి వచ్చింది. ఆమెని చూడగానే ఒకడికి గొప్ప ఆలోచన వచ్చింది.

"నాకు తెలిసిపోయిందిరోయ్! పులి వాళ్ళక్కకి మైకంటే భయం! స్టేజీ మీద వణికిపోయింది, నేను చూశా!"

అందరూ గొల్లున నవ్వారు. పులికి రోషం వచ్చింది. "మా అక్కకి భయమేంట్రా! అసలేం జరిగిందో తెలుసా..."

గువ్వ వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. అప్పుడు, హాల్లో వెనక కుర్చీలదాకా వినపడేలా, అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా చెప్పింది.

"అవును. నాకు చాలా భయమేసింది."