పోయినేడు మిగిలిన బండి

థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ ఊరి చివర కార్ల షోరూము వెనక ఆవరణలో ఆ మధ్యాహ్నం రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టారు. రెండూ తెల్లవే, రెండూ ఏడుగురు కూర్చునే పెద్ద బండ్లే. ఒకటి ఈ ఏడాది మోడలు. రెండోది పోయినేడు అమ్ముడుపోక మిగిలింది. బ్యాంకు కాగితాలు ముందే అయిపోయాయి. ఏ బండి అన్నదొక్కటే తేలాలి.

రంపాయ్‌కి ఎనిమిదో నెల. రెండేళ్ల కిందట స్కూటరు మీంచి పడి మొదటి కడుపు పోగొట్టుకుంది. ఈసారి నెల తప్పిన రోజే మొగుడికి తెగేసి చెప్పింది, తన బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే నాలుగు తలుపులున్న బండిలోనే రావాలని. ఎరువుల కొట్టు నడిపే థవాట్ అప్పట్నుంచీ ఆ మాట నిలబెట్టుకోవడానికి నానా తంటాలూ పడుతున్నాడు. అలాగని బేరం వదులుకునే రకం కాదు.

"తేడా ఏముందే? అదే ఇంజను, అవే చక్రాలు. ముందు దీపాలు కాస్త కోలగా ఉన్నాయంతే. దీపాల కోసం అంత పోయాలా?" అన్నాడు.

"పెళ్లికి మా వాళ్లకు ఓలి డబ్బు ఇచ్చేటప్పుడూ ఇలాగే గీచి గీచి బేరమాడావు," అంది రంపాయ్.

"వాడు నా పాలు కూడా కొలుచుకుని తాగాడు లేవే," అంది అత్త బువాసీ. ముగ్గురూ నవ్వుకున్నారు. బండ్లమ్మే కుర్రాడు అనుచిత్ మాత్రం నవ్వలేదు.

రంపాయ్ మిగిలిన బండి ఎక్కి చూసింది. లోపల కొత్త బండి వాసన లేదు. చింతకట్టెల పొగ, పసుపు, తడిగుడ్డలు... బాలింతను నిప్పు పక్కన పడుకోబెట్టే గదిలో వచ్చే వాసన అది. ఏడాదిగా తాళం వేసి ఉన్న బండిలోకి ఎలా వచ్చింది? ఆమె నోరు తెరవబోయింది. పక్కన ఎక్కిన బువాసీ చటుక్కున తొడ గిల్లింది.

"వాసనొస్తే వచ్చిందనుకో. పైకి అనకు, కీడు," అంది గుసగుసగా.

అంటూనే ముసలావిడ చూపు స్టీరింగు కింద ఆగిపోయింది. అక్కడ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి. బండి దేవతను పిలిచి పేలికలు కట్టేది బండి సొంతమయ్యాకే.

"అమ్ముడుపోని బండికి ఇవి ఎవరు కట్టారయ్యా?"

లోపల యజమాని ఉన్నాడేమో అని అనుచిత్ ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒకావిడ బుక్ చేసుకుంది పెద్దమ్మా. నిండు చూలాలు. మంచి గడియ దాటిపోతుందని, బండి తీసుకోవాల్సిన ముందురోజే వచ్చి కట్టుకుంది. ఆ రాత్రే నొప్పులొచ్చాయి... బిడ్డ బయటికి రాలేదు. ఇద్దరూ పోయారు. వాళ్లాయన మళ్లీ ఇటు తొంగి చూడలేదు."

"మరి ఇవి విప్పెయ్యలేదేం?"

"రెండుసార్లు విప్పాం పెద్దమ్మా."

థవాట్ బేరం సంగతే మర్చిపోయాడు. "కొత్తదే ఇచ్చెయ్ తమ్ముడూ," అన్నాడు.

సంతకాలయ్యేసరికి నాలుగున్నర దాటింది. ఎర్ర నంబరు పలక ఉన్న కొత్త బండి పొద్దుగుంకాక రోడ్డు మీద తిరగకూడదు కనుక థవాట్ తొందరపెట్టాడు. రంపాయ్ మాత్రం మిగిలిన బండి దగ్గర ఒక్క నిమిషం ఆగింది. ఆమెకు భయం కంటే జాలే ఎక్కువగా ఉంది. తనలాగే ఒకతి ఇక్కడికి వచ్చింది, తనలాగే సీటు తడిమి చూసుకుంది, బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టుకోవాలో లెక్కేసుకుంది. రంపాయ్ చేతులు జోడించింది.

"వెళ్లొస్తాం అక్కా. రా, నువ్వూ రా మాతో."

మా వైపు ఎవరి దగ్గర్నుంచైనా సెలవు తీసుకునేటప్పుడు అలా అనడం మర్యాద. పొలం గట్టు మీద కనబడ్డవాణ్ణీ అంటాం, కూరలమ్మే ముసలమ్మనీ అంటాం. నిజంగా ఎవరూ బయల్దేరరు.

దారిలో వాన పట్టుకుంది. థవాట్ నడుపుతుంటే రంపాయ్ పక్కన కూర్చుంది. మధ్య వరుసలో బువాసీ ఒళ్లో సంచులు పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. చెరుకు తోటల మీద వెలుగు సన్నగిల్లుతోంది. అద్దాలు తుడిచే చప్పుడు తప్ప బండిలో ఏ శబ్దమూ లేదు.

అప్పుడు గంట మోగడం మొదలైంది. టింగ్... టింగ్... టింగ్...

ముందున్న తెర మీద సీట్ల బొమ్మ వెలిగింది. ఆఖరి వరుసలో ఎడమ సీటు ఎర్రగా ఉంది. అక్కడ ఎవరో బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నారట.

"అమ్మా, వెనక సంచులేమైనా పెట్టావా?"

"అన్నీ నా ఒళ్లోనే ఉన్నాయి నాయనా."

"కొత్త బండి కదా... ఏదో తీగె సరిగ్గా బిగించి ఉండరు," అన్నాడు థవాట్. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

టింగ్... టింగ్...

ఎవరూ వెనక్కి తిరగలేదు. గంట ఆగితే చాలు. ఆగితే చాలు అనుకుంది రంపాయ్.

వెనక టక్కున చప్పుడైంది.

గంట ఆగిపోయింది. తెర మీద ఎరుపు ఆకుపచ్చగా మారింది. బెల్టు పెట్టుకున్నారన్నమాట.

"ఆపు," అంది రంపాయ్. ఆ మాట ఆమెకే వినపడలేదు. "ఆపవయ్యా!"

మూసేసిన బొప్పాయి పచ్చడి కొట్టు ముందు బండి ఆగింది. బువాసీ ముందు సీటు పట్టుకుని వంగి, కోడలి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎవర్ని పిలిచావే?"

"మర్యాదకి... మర్యాదకే అన్నానత్తమ్మా."

థవాట్ వానలోనే దిగి, వెనక తలుపెత్తాడు. రంపాయ్ కూడా దిగి అతని భుజం పట్టుకుని తొంగి చూసింది. ఆఖరి వరుసలో ఎవరూ లేరు. ఎడమ సీటుకు బెల్టు పెట్టి ఉంది. అది సీటుకు అంటుకుని లేదు. జానెడు ముందుకు, గుండ్రంగా పొంగి, గాలిలో బిగుతుగా నిలిచి ఉంది... నిండు చూలాలు పెట్టుకున్నట్టు.

రంపాయ్ రెండు చేతులూ తన పొట్ట మీద వేసుకుంది. గట్టిగా నొక్కింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ నొక్కింది. లోపల కదలిక లేదు.

ఆమె చూస్తుండగానే ఆ బెల్టు, లోపల్నుంచి ఎవరిదో చిన్న కాలు తన్నినట్టు, ఒక్కసారి ఎగిరింది.