నలభై ఏళ్ళ ఊళ్ళో నాలుగొందల ఏళ్ళ దెయ్యం

మా దీవిలో సముద్రం ఒడ్డున ఓ రిసార్టు, దాని వెనక కొండ అంచున కళాకారుల ఊరు. ఆ ఊరి రాతిమెట్ల పక్కన ఉన్న బావికి మహా చెడ్డపేరు. నాలుగొందల ఏళ్ళ కిందట ఓ స్పెయిన్ దొరసాని అందులో దూకిందట... చీకటి పడితే ఏడుస్తుందట.

ఆ దొరసానిని పుట్టించింది గైడు ఎలిహియో. నిజానికి ఆ ఊరు కట్టింది వాళ్ళ నాన్న కాలంలో. పాతగా కనబడాలని రాళ్ళ అంచులు సుత్తులతో పగలగొట్టించారు. బావి మోకాలి లోతు సిమెంటు తొట్టి. అందులో దూకితే ప్రాణం పోదు, మోకాలిచిప్ప పోతుంది.

అయినా టూరిస్టులు నోళ్ళు వెళ్ళబెట్టి వినేవాళ్ళు. ఆ కథే ఎలిహియోకి కూడు పెడుతోంది. ఈమధ్య రిసార్టు మేనేజరమ్మ గోడల్లో మైకులు పెట్టించింది. ఇక కథలు అవే చెబుతాయని, గైడుల్ని తీసేస్తారని గుసగుసలు. ఎలిహియో గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం ఆఖరి బస్సు వెళ్ళాక, అతను బావి మీదుగా ఇంటిదారి పట్టాడు. కుమ్మరులూ బొమ్మలేసేవాళ్ళూ తలుపులు మూసేశారు. గాలి లేదు...

ఏడుపు.

బావి గట్టు మీద — తెల్లగౌను. జుట్టు విరబోసుకుని ఉంది. మెల్లగా చెయ్యెత్తి, వేలితో నేల చూపించింది...

ఇంకో దేశంవాడైతే పరుగు లంకించుకునేవాడు. మావాడు మోకాళ్ళ మీద పడ్డాడు. మా దీవిలో చచ్చినవాళ్ళు ఊరికే కనబడరు. బంగారం నింపి పాతిపెట్టిన జాడీ చోటు చెప్పడానికి వస్తారు. చూసినవాడు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా తవ్వుకోవాలి. ఉద్యోగం పోతే పోయింది, జాడీ దొరికితే చాలుననుకున్నాడు. దొరసాని తన నోట్లోంచే ఊడిపడిందన్న సంగతి గాలికి కొట్టుకుపోయింది.

"దేవుడి పేరున అడుగుతున్నా తల్లీ... ఇక్కడేనా?" అని గొణిగాడు.

వేలు కదల్లేదు.

ఎలిహియో పరుగున వెళ్ళి తోటమాలి పార తెచ్చి, చెమటలు కక్కుతూ తవ్వాడు. ఏదో తగిలింది — జాడీ! బలమంతా కూడగట్టుకుని ఇంకో పోటు పొడిచాడు.

నీళ్ళు నిలువెత్తున చిమ్మాయి. అది స్విమ్మింగ్‌పూల్ గొట్టం.

"ఏంటన్నా ఇది, గౌను తడిపేశావు. అద్దెది," అంది దొరసాని. "నేను యోకాస్తాని, నాటకాలాడతాను. రేపట్నుంచి ఇక్కడ దెయ్యం ఉద్యోగం. రిహార్సల్ చేసుకుంటున్నా."

"మరి తవ్వుతుంటే చెప్పొద్దూ?"

"నిన్నూ తీసుకున్నారేమో అనుకున్నా. భలే చేస్తున్నావని చూస్తున్నా."

మెట్ల మీంచి చప్పట్లు. మేనేజరమ్మ. ఆవిడ గొట్టం వైపు చూడనేలేదు, ఎలిహియో బురదమొహాన్నే చూస్తోంది.

"నిన్ను తీసేద్దామనే అనుకున్నానయ్యా," అంది. "ఇప్పుడు మనసు మారింది. బంగారం కోసం చచ్చిన నావికుడివి నువ్వు. రోజూ ఇలాగే తవ్వు. కానీ నోరు మెదపకూడదు. చచ్చినవాడివి కదా."

అలా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఎలిహియో గుంట తవ్వుతాడు, పూడుస్తాడు. గోడలో మైకు అతని కథే చెబుతుంది, అదీ తప్పులతడకగా. దొరసానికి ఇద్దరు మొగుళ్ళని కూడా అంటగట్టింది. అది విన్నప్పుడల్లా అతను పార బిగించి పట్టుకుని, పళ్ళు పటపటా నూరుతాడు.

"అబ్బ, అచ్చం ఆత్మలాగే ఉన్నాడు," అంటూ టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు.